‘ఎయిడ్ కావాలా?’ అన్న గడిలో అవునని పెట్టాక: శ్రీకాకుళం నుంచి మా 13 నెలల అనుభవం

అమెరికా కాలేజీలకు దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో ప్రతి కాలేజీకీ విడిగా కొన్ని ప్రశ్నలుంటాయి. ‘నీడ్ బేస్డ్ ఫైనాన్షియల్ ఎయిడ్ కోరుతున్నారా?’ అన్నది వాటిలో ఒకటి. కుటుంబ స్తోమతను బట్టి కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం అది. అవును, కాదు అని రెండే గడులు. 2024 ఆగస్టు 1న ఆ ఏటి ఫారం తెరుచుకున్నప్పటి నుంచి 2025 ఆగస్టులో మా అమ్మాయి విమానం ఎక్కేదాకా మేం చేసిన పనంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఎంఎస్‌కి వెళ్ళినవాళ్ళు మా శ్రీకాకుళంలో వీధికొకరు ఉన్నారు. ఇంటర్ అవగానే డిగ్రీకి, అదీ కాలేజీ ఇచ్చే డబ్బుతో వెళ్ళినవాళ్ళ కోసం ఇటు పలాస నుంచి అటు విజయనగరం దాకా అడిగాం, ఒక్కరూ దొరకలేదు. అలా వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుందని తేదీలు, ఖర్చులు, చేసిన తప్పులు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

ముందు మా లెక్క చెప్పాలి, అది లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. ఏడాదికి స్థూల జీతం 8.4 లక్షలు. నా భార్య పేరున పలాస దగ్గర ఎకరా 40 సెంట్ల జీడితోట ఉంది. ఇంటికి అప్పు ఉంది. రెండోవాడు ఎనిమిదో తరగతి. ఎంత బిగించుకున్నా ఏడాదికి 3 లక్షలకు మించి పెట్టలేం, అంటే సుమారు 3,500 డాలర్లు. మేం చూసిన చాలా ప్రైవేటు కాలేజీల్లో చదువు, వసతి, భోజనం కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. రూపాయల్లో 67 లక్షల పైమాటే. అంటే ఏడాదికి 76 వేల డాలర్లకు పైగా ఇమ్మని మేం అడగబోతున్నాం, నాలుగేళ్ళ పాటు. ఈ అంకెను కాగితం మీద రాసుకోకుండా కాలేజీల పేర్లు చూడడం మొదలుపెట్టిన నెల రోజులూ మాకు వృథా అయ్యాయి.

జూలైలో విశాఖలోని ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం. ‘ఎయిడ్ కావాలంటే సీటు రాదండీ. వద్దని పెట్టండి. సీటు వచ్చాక అప్పుడు అడుగుదాం’ అన్నారు. ఇందులో మొదటి మాట సగమే నిజం. రెండోది నమ్మి ఉంటే మా అమ్మాయి ఇవాళ ఇంట్లోనే ఉండేది.

సగం నిజం ఎలాగంటే, విదేశీ విద్యార్థుల విషయంలో కాలేజీలు రెండు రకాలు. సీటు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు కుటుంబం డబ్బు కట్టగలదా అన్నది అసలు చూడనివి నీడ్ బ్లైండ్. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ ఎప్పటినుంచో ఈ జాబితాలో ఉన్నాయి. డార్ట్‌మత్, బౌడిన్ 2022లో చేరాయి. బ్రౌన్, నోటర్‌డేమ్ 2025లో చేరే బ్యాచ్ నుంచి విదేశీయులకూ ఇదే పద్ధతి పెట్టాయి. వీటిలో అవునని పెట్టినందుకు పోయేదేమీ లేదు. కాకపోతే ప్రపంచమంతా వీటికే పెడుతుంది కాబట్టి డబ్బు అడ్డు లేకపోయినా పోటీయే పెద్ద అడ్డు.

మిగతావి దాదాపు అన్నీ నీడ్ అవేర్, అంటే డబ్బు కట్టగలరా అన్నది కూడా చూసేవి. స్టాన్‌ఫోర్డ్ కూడా విదేశీయుల విషయంలో ఈ లెక్కలోకే వస్తుంది. ఇక్కడ ఎయిడ్ అడిగితే అవకాశం తగ్గుతుంది, ఇది దాచాల్సిన సంగతి కాదు. అయితే తగ్గే తీరు వేరు. ఎయిడ్ అడిగినవాళ్ళ దరఖాస్తును తీసి పక్కన పారెయ్యరు. అందరివీ చదువుతారు. విదేశీయుల కోసం పెట్టుకున్న ఎయిడ్ నిధి ఆ ఏటికి ఇంత అని ఉంటుంది. జాబితా చివరికి వచ్చేసరికి ఆ నిధి అయిపోతూ ఉంటే, దాదాపు సమానంగా ఉన్న ఇద్దరిలో తక్కువ అడిగినవాళ్ళ వైపు మొగ్గుతారు. అందుకే అవునా కాదా అన్నదానికన్నా ఎంత అన్నది ఎక్కువ తూకం వేస్తుంది. ఏడాదికి 20 లక్షలు కట్టగలిగి మిగతాది అడిగే కుటుంబమూ, 3 లక్షలు కట్టగలిగే మా కుటుంబమూ ఒకే గడిలో టిక్కు పెట్టినా ఒకే వరసలో నిలబడం. మాలాంటివాళ్ళ బిడ్డ ఆ కాలేజీ తప్పకుండా కావాలనుకునే పైవరసలో ఉండాలి. అంచున ఉంటే రాదు.

ఇక సీటు వచ్చాక అడుగుదామన్న మాట. చాలా నీడ్ అవేర్ కాలేజీల నియమం ప్రకారం, దరఖాస్తు సమయంలో ఎయిడ్ అడగని విదేశీ విద్యార్థి ఆ తర్వాత నాలుగేళ్ళలో ఎప్పుడూ అడగడానికి వీల్లేదు. స్టాన్‌ఫోర్డ్ తన సైట్‌లో ఈ మాట సూటిగా రాసింది. పైగా సీటు వచ్చాక ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) కావాలంటే మొదటి ఏడాది ఖర్చు మొత్తం మన దగ్గర ఉందని బ్యాంకు కాగితాలతో చూపించాలి. 67 లక్షలు చూపించలేకపోతే ఐ-20 రాదు, అది లేకుండా వీసా లేదు. వద్దని పెట్టి సీటు తెచ్చుకుంటే చేతిలో ఉత్తరం మిగులుతుంది, అంతే. ఆ రోజు కన్సల్టెన్సీ నుంచి బయటికొచ్చాక మళ్ళీ ఏ కన్సల్టెన్సీ గడపా తొక్కలేదు. అమెరికా ప్రభుత్వం తరఫున సలహా ఇచ్చే ఎడ్యుకేషన్‌యూఎస్ఏ ఉంది, అక్కడ డబ్బు తీసుకోరు. ఆన్‌లైన్‌లో రెండుసార్లు మాట్లాడాం.

కాలేజీల జాబితా తయారుచేయడానికి మాకు అన్నిటికన్నా పనికొచ్చినది కామన్ డేటా సెట్. దాదాపు ప్రతి కాలేజీ ఏటా ఈ పేరుతో ఒక పత్రం తన సైట్‌లో పెడుతుంది. అందులో హెచ్6 అన్న చోట విదేశీ విద్యార్థులకు ఎయిడ్ ఇస్తారా, ఎంతమందికి ఇచ్చారు, సగటున ఒక్కొక్కరికి ఎన్ని డాలర్లు అన్నది ఉంటుంది. బి2 అన్న చోట మొత్తం విదేశీ విద్యార్థులు ఎంతమందో ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. సగటు సాయం కాలేజీ ఖర్చుకు దగ్గరగా ఉంటే, సీటిచ్చినవాళ్ళకి నిండుగా ఇస్తారని అర్థం, మాలాంటివాళ్ళకి అక్కడే ఆశ. సగటు 20 వేలు ఉండి ఖర్చు 75 వేలు ఉంటే, చాలామందికి కొద్దికొద్దిగా పంచుతారన్నమాట. అలాంటిచోట మా అమ్మాయికి సీటు వచ్చినా మేం కట్టలేం. ఎయిడ్ తీసుకునేవాళ్ళ సంఖ్య విదేశీ విద్యార్థుల్లో పదో వంతు కూడా లేకపోతే ఆ కాలేజీ ప్రధానంగా కట్టగలిగేవాళ్ళ కోసం చూస్తోందని అర్థం చేసుకున్నాం. ఇలా 40 కాలేజీల పట్టిక వేసి 12కి దించాం. నీడ్ బ్లైండ్‌వి 3. నీడ్ అవేర్ అయినా సీటిచ్చిన ప్రతివాళ్ళకీ పూర్తి అవసరం తీరుస్తామని చెప్పేవి 6, ఇవి ఎక్కువగా చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, అంటే ప్రధానంగా డిగ్రీ చదువులే ఉండేవి. కొంతే ఇచ్చేవి 2. మార్కుల మీద స్కాలర్‌షిప్ ఇచ్చే ఒక స్టేట్ యూనివర్సిటీ.

ఫాఫ్సా అన్న పేరు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అది అమెరికా ప్రభుత్వ సాయం కోరే ఫారం, అమెరికన్ల కోసం. మనకు సంబంధం లేదు.

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను. కాలేజీ ప్రవేశాలకు చూసే శాట్ పరీక్షను ఇప్పుడు సొంత ల్యాప్‌టాప్ మీద బ్లూబుక్ అనే యాప్‌లో రాయాలి, 2 గంటల 14 నిమిషాలు. సెంటర్ విశాఖలో పడింది. 2024 ఆగస్టు 24న ఒకసారి, అక్టోబర్ 5న ఒకసారి రాసింది. ఒక్కోదానికి 68 డాలర్లు, విదేశీ ఫీజు 43, మొత్తం 111 డాలర్లు అయ్యాయి. ఇంగ్లీషు పరీక్షకు డుయోలింగో ఇంట్లోనే రాయించాం, అప్పుడు 65 డాలర్లు. రెండు రోజుల్లో ఫలితం వచ్చింది, ఎన్ని కాలేజీలకు పంపినా అదనంగా అడగరు. ఇంట్లో రాసేటప్పుడు ఇన్వర్టర్, ఫోన్ హాట్‌స్పాట్ రెండూ సిద్ధంగా పెట్టుకోవాలి. నడిమధ్యలో నెట్ పోతే పరీక్ష చెల్లకపోవచ్చు.

పేరుతో వచ్చిన చిక్కు మాత్రం వివరంగా చెప్పాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత ఉంటాయి. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ విడివిడిగా ఉంటాయి. శాట్‌కి నమోదు చేసేటప్పుడు మెమోలో ఉన్న వరసలో రాసేశాం. కామన్ యాప్‌లో పాస్‌పోర్టు వరస. రెండు కాలేజీలు స్కోరు అందలేదని చెప్పాయి. అందింది, కానీ వేరే మనిషి పేరున ఫైల్లో పడింది. పుట్టిన తేదీతో సహా ఈమెయిల్ రాస్తే వారంలో కలిపారు. మొదటి రోజునుంచీ అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.

కాలేజీలకు 9వ తరగతి నుంచి 12 వరకు నాలుగేళ్ళ మార్కులు కావాలి. మన దగ్గర 9వ తరగతి మార్కులు ఎవరూ దాచుకోరు. పాత హైస్కూలుకు వెళితే గుమాస్తా ‘తొమ్మిదో తరగతి మార్కులు ఏటి చేసుకుంటారండీ మాస్టారూ’ అన్నాడు. పాపం, అతని తప్పు లేదు. రిజిస్టరు వెతికి, ఇంగ్లీషులో టైపు చేయించి, హెడ్మాస్టరు గారి సంతకం, సీలు వేయించేసరికి 9 రోజులు పట్టింది. ఇంటర్ మొదటి ఏడాది ఎంపీసీకి 470 మార్కులకు, రెండో ఏడాది 530కి అన్న సంగతి వాళ్ళకి తెలియదు. దీన్ని వివరిస్తూ ఒక పేజీ స్కూల్ ప్రొఫైల్ ఉండాలి. మా అమ్మాయి చదివిన జూనియర్ కాలేజీలో కౌన్సెలర్ అనే మనిషి లేరు. ప్రిన్సిపాల్ గారే ఆ పాత్ర తీసుకున్నారు. స్కూల్ రిపోర్టు, జనవరి తర్వాత మిడ్ ఇయర్ రిపోర్టు ఆయనే పెట్టాలి. ఆయన జీమెయిల్ నుంచి పంపితే ఒక కాలేజీ నమ్మకం కుదరక లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ అడిగింది. కాలేజీ పేరుతో ఉన్న ఈమెయిల్ ఆగస్టులోనే చేయించుకోండి. లెక్కల మేడం, ఇంగ్లీషు సారు రాసిన సిఫారసు ఉత్తరాల కోసం మేం ఐదు వారాలు ఆగాం. జేఈఈ తరగతులు పెట్టుకుని వాళ్ళు ఆదివారాలు కూర్చుని రాశారు, దానికి రుణపడి ఉంటాం.

ఇప్పుడు అసలు పని, సీఎస్ఎస్ ప్రొఫైల్. ఎయిడ్ అడిగినవాళ్ళ ఆర్థిక వివరాలు శాట్ పెట్టే సంస్థ కాలేజ్ బోర్డు ఈ ఫారంలో తీసుకుని కాలేజీలకు పంపుతుంది. ఏటా అక్టోబర్ 1న తెరుస్తారు. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. మా 12లో పదింటికి ఇది కావాలి. డబ్బు కట్టే ముందు ప్రతి ఎయిడ్ ఆఫీసుకూ రెండు వాక్యాల ఈమెయిల్ రాశాం, ఫీజు మినహాయింపు కోడ్ ఉందా అని. రెండు కాలేజీలు పంపాయి. మిగతా ఎనిమిదింటికి 137 డాలర్లు, కార్డు చార్జీలతో దాదాపు 12 వేలు. డెబిట్ కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు మామూలుగా ఆపేసి ఉంటాయి. యాప్‌లోకి వెళ్ళి తెరవాలి. ఆఖరి రాత్రి దాకా ఆగితే ఇదొక్కటే ముంచుతుంది.

ఫారం మొదట్లోనే కరెన్సీ అడుగుతుంది. రూపాయి ఎంచుకుంటే అన్నీ రూపాయల్లోనే రాయొచ్చు. ఇక్కడ మేం చేసిన తప్పు, ఇంటి విలువలో ఒక సున్నా ఎక్కువ కొట్టాం. వాళ్ళ కామాలు మూడేసి అంకెలకు పడతాయి. 22,00,000 రాసే అలవాటున్న కంటికి 2,200,000కీ 22,000,000కీ తేడా చటుక్కున తెలియదు. 22 లక్షల ఇల్లు 2.2 కోట్లయింది. పంపేశాక ఒక్కసారే దిద్దనిస్తారు. ఆ ఒక్క అవకాశం దీనికి వాడేశాం. పంపే ముందు ప్రతి అంకెనూ అక్షరాల్లో రాసుకుని సరిచూసుకోండి.

ఏడాది లెక్క మరో చిక్కు. వాళ్ళు 2023 ఆదాయం అంటారు, అది జనవరి నుంచి డిసెంబరు. మనకు ఏప్రిల్ నుంచి మార్చి. మేం 2023-24 ఆర్థిక సంవత్సరం ఫారం 16, ఐటీ రిటర్న్ పెట్టాం. రిటర్న్ మీద అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఒక కాలేజీ దాన్ని చూసి తప్పు ఏడాది పంపారని తిప్పి కొట్టింది. అసెస్‌మెంట్ ఇయర్ ఆదాయం వచ్చిన ఏడాది కాదని రెండు లైన్ల వివరణ ప్రతి కాపీతోనూ జత చేయడం అప్పటినుంచి మొదలుపెట్టాం.

నా భార్య రిటర్న్ వేయదు, తోట ఆదాయం వ్యవసాయానిది. ఆవిడకు నాన్ టాక్స్ ఫైలర్ స్టేట్‌మెంట్ ఇచ్చాం. తోట ఆదాయానికి సచివాలయంలో అర్జీ పెట్టి తహసీల్దారు ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకున్నాం, 11 రోజులు. ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసమో, రేషన్ కార్డు కోసమో తక్కువ ఆదాయం వేయించుకున్న పత్రాలు చాలా ఇళ్ళలో ఉంటాయి. అవే ఇక్కడ పెట్టి, పక్కన పెద్ద అంకె ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్ పెడితే దరఖాస్తు మొత్తం మీద అనుమానం పడుతుంది. ఏ రెండు కాగితాలూ వేర్వేరు అంకెలు చెప్పకూడదు.

భూమి దగ్గర మేం నిజంగా భయపడ్డాం. మీభూమిలో తీసిన 1-బిలో విస్తీర్ణం ఉంటుంది, విలువ ఉండదు. ఫారం అడిగేది ఇవాళ్టి మార్కెట్ ధర. పలాస చుట్టుపక్కల సెంటు ధర చూస్తే మేం ఆస్తిపరులంలా కనిపిస్తాం. తోట ఇచ్చేది చూస్తే అంత లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. మా పాత చెట్లలో ముప్పాతిక పోయాయి. మళ్ళీ వేసినవి ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయి. 2023లో 80 కిలోల బస్తాలు నాలుగే దిగాయి, ఖర్చులు పోను 31 వేలు. ధరను తగ్గించి రాయకుండా, ఉన్న మార్కెట్ విలువే రాసి, ప్రత్యేక పరిస్థితులు అన్న పెట్టెలో ఈ నాలుగు వాక్యాలూ రాశాం. తుపాను తేదీ, పోయిన చెట్ల సంఖ్య, బస్తాలు, వచ్చిన డబ్బు. బాధ గురించి ఒక్క మాటా రాయలేదు. ఎయిడ్ ఆఫీసరు చూసేది లెక్క. తర్వాత ఒక కాలేజీ దీని మీద ఇంకో ప్రశ్న అడిగింది, తోట అమ్మే ఉద్దేశం ఉందా అని. ఇంకొకరు చదువుకోవాల్సి ఉంది, అది నా భార్యకు పుట్టింటి నుంచి వచ్చినది, అమ్మం అని రాశాం.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, నోటరీ కావాలి. మొత్తం 2,800 అయింది. కొన్ని కాలేజీలకు కాగితాలు ఐడాక్ అనే చోట ఎక్కించాలి, కొన్నిటికి వాళ్ళ సొంత పోర్టల్‌లో. రెండు కాలేజీలు బ్యాంకు మేనేజరు సంతకంతో ఒక ఫారం అడిగాయి. విదేశీ ఫారం మీద సంతకం పెట్టడానికి తనకు అధికారం లేదని మేనేజరు చెప్పారు. వాళ్ళ సొంత లెటర్‌హెడ్ మీద నిల్వ ఎంత ఉందో ఇంగ్లీషులో రాసి ఇమ్మని అడిగితే అరగంటలో ఇచ్చారు. రెండు కాలేజీలూ దాన్నే తీసుకున్నాయి.

దరఖాస్తు ఫీజు ఒక్కోచోట 60 నుంచి 90 డాలర్ల దాకా ఉంది. గ్రినెల్, కోల్బీ, వెల్లెస్లీ అసలు తీసుకోవు. ఆరు కాలేజీలకు ప్రిన్సిపాల్ గారి ఉత్తరంతో మినహాయింపు వచ్చింది. ఆ ఉత్తరం ఉంటే కామన్ యాప్‌లోనే మినహాయింపు అడగొచ్చు. మూడింటికి మాత్రమే కట్టాం, 205 డాలర్లు. ఫీజు మినహాయింపు అడిగితే అవకాశం తగ్గుతుందేమోనని భయపడ్డాం. ఎయిడ్ ఎలాగూ అడుగుతున్నాం కాబట్టి ఇందులో దాచడానికి ఏమీ మిగల్లేదు.

నవంబర్ 1న ఎర్లీ డెసిషన్ కింద ఒక నీడ్ అవేర్ కాలేజీకి పంపాం. సీటొస్తే అక్కడే చేరతామని మాటివ్వడం అది. ఇచ్చిన ఎయిడ్ సరిపోకపోతే మాట నుంచి విడిపిస్తారు, ఆ సంగతి తెలిసే పెట్టాం. ఎయిడ్ నిధి నిండుగా ఉన్నప్పుడే మన ఫైలు చూస్తారన్నది దీని వెనక ఆలోచన. గడువుకు వారం ముందు, అక్టోబర్ 24, 25 తేదీల్లో దానా తుపాను. తీరం దాటింది ఒడిశాలోనే అయినా మా వీధిలో రెండు రోజులు కరెంటు వస్తూ పోతూ ఉంది, స్కాన్ చేసిన ఫైళ్ళు ఎక్కలేదు. మన తీరానికి అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. ఎర్లీ పెట్టేవాళ్ళు అక్టోబర్ 15కల్లా కాగితాలు ముగించుకోండి. డిసెంబర్ 14 తెల్లవారుజామున ఫలితం వచ్చింది. సీటు ఇవ్వలేదు, కాదనలేదు. రెగ్యులర్ జాబితాలోకి నెట్టారు. దరఖాస్తు కోసం నాలుగు నెలలు కష్టపడి రాసిన వ్యాసం ఇక పనికిరాదేమో అని పిల్ల రెండు రోజులు పుస్తకం తెరవలేదు. మిగతా 11 కాలేజీలకు జనవరి 1 నుంచి 5 లోపు గడువులు, ఏడ్చే తీరిక కూడా ఉండదు.

జనవరి 5 తర్వాత పని అయిపోయిందనుకున్నాం. పోర్టళ్ళు రోజూ చూడాలన్నది అప్పుడు తెలిసింది. ఫిబ్రవరిలో నాలుగు కాలేజీలు అదనపు కాగితాలు అడిగాయి. ఒకదానిలో ఎర్ర గుర్తు 12 రోజులుగా ఉంది, ఈమెయిల్ స్పామ్‌లో పడింది. ఎయిడ్ ఫైలు నిండకపోతే నీడ్ అవేర్ కాలేజీ మనకు ఎంత కావాలో లెక్క కట్టలేదు, లెక్క లేని ఫైలును ముందుకు జరపరు. ఆ నెలంతా ఉదయం 6కి, రాత్రి 10కి 12 పోర్టళ్ళూ వరసగా తెరవడం నా డ్యూటీ.

మార్చిలో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలూ కాలేజీల ఫలితాలూ ఒకేసారి వస్తాయి. మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం, పరీక్ష ఉన్న రోజు ముందు రాత్రి ఏ ఉత్తరమూ తెరవకూడదని. రెండు తిరస్కారాలు అలా మూడేసి రోజులు తెరవకుండా ఉన్నాయి. మార్చి 22 తెల్లవారుజామున, పరీక్షలు అయిన రెండు రోజులకు, ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ నుంచి సీటు ఉత్తరం వచ్చింది. కింద ఎయిడ్ ఉత్తరం వేరే లింకులో ఉంది. సీటు చూసి ఎవ్వరం గట్టిగా ఊపిరి తీయలేదు. రెండోది తెరిచాకే నా భార్య కూర్చుంది. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీల ఫలితాలు మార్చి 27 సాయంత్రం 7కి, అంటే మనకు 28 ఉదయం 4:30కి. వాటిలో సీటు రాలేదు.

మొత్తం 12లో 8 తిరస్కారాలు, ఒక వెయిటింగ్ లిస్టు, మూడు సీట్లు. నీడ్ బ్లైండ్ మూడూ రాలేదు, పూర్తి అవసరం తీర్చే నీడ్ అవేర్‌లో ఒకటి వచ్చింది. ఎయిడ్ అడిగితే నీడ్ అవేర్‌లో రాదన్న మాట మా విషయంలో తలకిందులైంది. అయితే అదే రకం కాలేజీలు నాలుగు కాదన్నాయి, అది కూడా మరవకూడదు.

మూడు ఉత్తరాలూ పక్కపక్కన పెడితేనే అర్థమవుతాయి. కొంతే ఇచ్చే కాలేజీ ఏడాదికి 78 వేల డాలర్ల ఖర్చులో 30 వేలు ఇచ్చింది. మిగిలిన 48 వేలు అంటే 41 లక్షల రూపాయలు. స్టేట్ యూనివర్సిటీ 47 వేలలో 20 వేలు స్కాలర్‌షిప్, ఉత్తరం నిండా అభినందనలే. మిగిలేది ఏడాదికి 23 లక్షలు, నాలుగేళ్ళకు 92. చుట్టాల్లో చాలామంది దానికే అప్పు చేసి పంపమన్నారు. మూడోది 86 వేల ఖర్చులో 79,400 గ్రాంటు, 2,600 విద్యార్థి క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకోవాలి, 4 వేలు మేం కట్టాలి. మేం రాసిన 3,500కి 500 ఎక్కువ. గ్రాంటు తిరిగి ఇచ్చేది కాదు. ఉత్తరంలో లోన్ అనో వర్క్ అనో ఉన్న అంకెను సాయంలో కలిపి చూసి మురిసిపోకూడదు. వర్క్ అన్నది ముందుగా చేతికి రాదు, పని చేసిన వారాలకే వస్తుంది. వెయిటింగ్ లిస్టు వదులుకున్నాం. నీడ్ అవేర్ కాలేజీలో వెయిటింగ్ లిస్టు కదిలేసరికి ఎయిడ్ నిధి మిగలడం అరుదు.

మే 1లోపు ఒప్పుకున్నాం. ఐ-20కి ఇప్పుడు 4 వేల డాలర్లకే బ్యాంకు కాగితం చాలింది, మిగతాది ఎయిడ్ ఉత్తరమే చూపింది. విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 కట్టాం. మే 27న అమెరికా ప్రభుత్వం విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలు ఇవ్వడం ఆపేసింది. జూన్ మూడో వారంలో మళ్ళీ తెరిచారు, సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలన్న షరతుతో. ఆ మూడు వారాలూ మొత్తం 13 నెలల్లోకీ బరువైనవి. మా చేతిలో చేయగలిగింది ఏమీ లేదు, రోజూ స్లాట్లు చూడడం తప్ప. హైదరాబాద్‌లో జూలై నెలాఖరుకు దొరికింది. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకి ఇంకో రోజు. ఇంటర్వ్యూలో అడిగినది, ఖర్చు ఎవరు పెడుతున్నారని. ఎయిడ్ ఉత్తరం చూపించింది. నాలుగు నిమిషాలు.

ఎయిడ్‌లోకి రానివి చాలా ఉంటాయని తెలుసుకోవాలి. దరఖాస్తుల దశలో శాట్ 18,600, డుయోలింగో 5,500, దరఖాస్తు ఫీజులు 17,400, సీఎస్ఎస్ 12 వేలు, అనువాదాలు 2,800, కలిపి 56,300. సీటొచ్చాక సెవిస్, వీసా, హైదరాబాద్ ప్రయాణం, విమానం టిక్కెట్టు కలిపి 1,37,000. ఇది కాక, గ్రాంటులో వసతి, భోజనానికి వచ్చే భాగం మీద అమెరికాలో పన్ను ఉంటుంది. ట్యూషన్ భాగానికి ఉండదు. కాలేజీ 14 శాతం పట్టుకుంటుంది, అది సెమిస్టరు బిల్లులో కలిసి వస్తుంది. మొదటి బిల్లు చూసి మేం లెక్క తప్పిందనుకుని రాశాం. భారత్, అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ వాడుకోవచ్చు కాబట్టి రిటర్న్ వేస్తే చాలావరకు తిరిగి వస్తుందని కాలేజీ చెప్పింది. కానీ ముందు కట్టాలి. చేరకముందే ఈ పన్ను ఎంత, ఎవరు భరిస్తారు అని రాతపూర్వకంగా అడగండి.

గ్రాంటు నాలుగేళ్ళకూ ఒకేసారి రాసివ్వరు. ఆదాయం మారిందా అని ఏటా చూస్తారు, కాగితాలు మళ్ళీ పెట్టాలి. ఈ ఏడు తోట ఆరు బస్తాలు దిగింది. కొత్త ఆదాయ పత్రానికి సచివాలయంలో మొన్న సోమవారం అర్జీ పెట్టాను.